విజిల్ పిల్లల చేతికివ్వండి

రెండు తెలుగు రాష్ట్రాల వ్యాయామ ఉపాధ్యాయులకు, కళాశాలల ఫిజికల్ డైరెక్టర్లకు, బాస్కెట్‌బాల్ కోచ్‌లకు



స్కూలు పోటీలు, కాలేజీ టోర్నమెంట్లు వచ్చినప్పుడల్లా మనం ఎదురుపడుతూనే ఉంటాం. మీరు మీ పిల్లలతో బెంచీ దగ్గర ఉంటారు. నేనూ, నాతోటి రెఫరీ మెడలో విజిల్ వేసుకుని కోర్టులో ఉంటాం. ఆట నడుస్తుండగా తీరిగ్గా మాట్లాడుకోవడం కుదరదు. అయిపోయాక ఓడిన బాధ ఒకరికి, బస్సు తప్పిపోతుందన్న తొందర ఇంకొకరికి. అందుకే కోర్టు బయట, ఎవరి మీదా కోపం లేని వేళ, అందరూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన కోర్టుల్లో జరిగే గొడవల్లో ఎక్కువ భాగం రెఫరీ పక్షపాతం వల్ల పుట్టేవి కావు. కోచ్ మనసులో ఒక నిబంధన ఉంటుంది. రెఫరీ చదివింది ఇంకొకటి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ చూసి వచ్చిన పిల్లవాడి బుర్రలో మూడోది. గట్టు మీద కూర్చున్న తండ్రికి తన కాలేజీ రోజుల నాటిది గుర్తుంటుంది. ఒకే కోర్టులో ఇన్ని ఆటలు నడుస్తుంటే విజిల్ ఎలా మోగినా కొందరికి అన్యాయంగానే వినిపిస్తుంది. కాబట్టి నేను అడిగేది ఒకటే. డ్రిబ్లింగ్, పాసింగ్, షూటింగ్ నేర్పినట్టే నిబంధనలనూ ప్రాక్టీసులో భాగంగా నేర్పండి. అందుకు చక్కగా పనిచేసే పద్ధతి ఉంది. ప్రాక్టీసు ఆటల్లో విజిల్ మీ ఆటగాళ్ల చేతికే ఇవ్వండి.

ఇది రెఫరీల పని తేలిక చేసుకోవడానికి అడగడం లేదు. నిబంధన తప్పుగా తెలిస్తే ఆట కూడా తప్పుగానే వస్తుంది. ఒక్క ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను.

బంతితో ఒకమ్మాయి రింగు వైపు దూసుకొస్తుంది. ఇంకో అమ్మాయి అడ్డంగా వస్తుంది. ఇద్దరూ ఢీకొని పడతారు. విజిల్ మోగుతుంది. రెఫరీ అరచేతిలో పిడికిలి గుద్ది చూపిస్తే ఛార్జింగ్, అంటే తప్పు దూసుకొచ్చిన అమ్మాయిది. రెండు చేతులూ నడుం మీద పెడితే బ్లాకింగ్, అంటే తప్పు అడ్డం వచ్చిన అమ్మాయిది. ఛార్జింగ్ చూపించామంటే బెంచీ దగ్గర నుంచి వచ్చే మాట దాదాపు ప్రతిసారీ ఇదే: "ఆ అమ్మాయి కదులుతోంది కదా సార్! నిలబడలేదు కదా! అది డిఫెన్స్ ఫౌల్ కదా!"

డిఫెన్స్ ఆడేవాళ్లు కదలకుండా నిలబడాలనే నిబంధన లేదు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల్లో 33వ అధికరణం ఈ సంగతంతా వివరంగా చెబుతుంది. బంతి ఉన్న మనిషికి అభిముఖంగా, రెండు పాదాలూ నేలకు ఆనించి ఒక్కసారి నిలబడితే చాలు, ఆ దారి మీద డిఫెండర్‌కు హక్కు వస్తుంది. ఆ తర్వాత ఆ హక్కు నిలబెట్టుకోవడానికి పక్కకు జరగొచ్చు, వెనక్కి జరగొచ్చు, ఉన్నచోటే నిట్టనిలువుగా పైకి ఎగరొచ్చు. అలా జరుగుతున్నప్పుడు ఒక పాదం, ఆ మాటకొస్తే రెండు పాదాలూ, క్షణం పాటు గాలిలో ఉన్నా తప్పు లేదు. బంతి ఉన్న మనిషి మీదికి మాత్రం ముందుకు పోకూడదు. దెబ్బ డిఫెండర్ మొండేనికి తగిలితే ఆ చోటికి డిఫెండరే ముందు చేరినట్టు లెక్క. తగలబోయే దెబ్బ నుంచి కాచుకోవడానికి ఒళ్లు కాస్త పక్కకు తిప్పుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు.

"నాకు ఆగడానికి టైమివ్వలేదు" అనే వాదన బంతి చేతిలో ఉన్నవాళ్లకు పనికిరాదు. బంతి తీసుకున్నవాళ్లు ఏ క్షణమైనా ఎదురుగా ఎవరో వస్తారని సిద్ధంగా ఉండాల్సిందే. బంతి లేనివాళ్లకు అడ్డం వెళ్లేటప్పుడు మాత్రం సమయం, దూరం చూస్తాం. వాళ్ల వేగాన్ని బట్టి ఎడం ఇవ్వాలి, అది ఎప్పుడూ ఒక అంగకు తగ్గకూడదు.

ఇదంతా తెలియని కోచ్ ఏం చేస్తారు? "కదలకు, నిలబడు" అని నేర్పుతారు. పిల్ల స్తంభంలా నిలబడుతుంది. బంతితో వచ్చిన అమ్మాయి ఒక్క అడుగు పక్కకు వేసి దాటిపోతుంది. రెండుసార్లు అలా జరిగాక ఆ పిల్ల డిఫెన్స్ మీదే ఆశ వదులుకుని చేతులు చాపి పట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇక వరసగా ఫౌళ్లు. నిబంధన సరిగ్గా తెలిసిన కోచ్ "పక్కకు జరుగు, ఛాతీ ఎదురుపెట్టు, చేతులు పైకెత్తు" అంటారు. ఆ రెండు శిక్షణలకూ ఉన్న తేడా కోర్టు మీద మాకు మొదటి క్వార్టర్‌లోనే కనిపిస్తుంది.

చేతుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రతి ఆటగాడికీ తను నిలబడ్డ చోటూ, ఆ చోటుకు నిలువునా పైన ఉన్న జాగా తనవే. చేతులు నేరుగా పైకెత్తి ఎగిరిన పొడుగు పిల్లవాడి మీదికి షూటర్ వచ్చి పడితే ఆ పొడుగు పిల్లవాడి తప్పు లేదు. షూటర్ కింద పడ్డాడు కాబట్టి ఫౌల్ అనుకోవడం పొరపాటు. ఎవరు పడ్డారన్నది మేము చూడం. ఎవరి జాగాలోకి ఎవరు వచ్చారన్నదే చూస్తాం. అందుకే దూసుకొచ్చే ఆటలో రెఫరీ కళ్లు బంతి మీద కాకుండా డిఫెండర్ మీద ఉండాలి. రెఫరీల శిక్షణలో మొదట నేర్పే అలవాటు ఇదే. చూసేవాళ్ల కళ్లన్నీ బంతి మీద ఉంటాయి. మేము చూసింది వాళ్లకూ, వాళ్లు చూసింది మాకూ వేరుగా కనిపించడానికి అదొక కారణం.

అయితే గాలిలో ఉన్న మనిషి విషయంలో డిఫెండర్‌కు ఏ వెసులుబాటూ లేదు. నేల వదిలి ఎగిరినవాళ్లకు తిరిగి నేల మీదికి దిగే హక్కు ఉంది. ఎగిరిన తర్వాత వాళ్ల దారిలోకి రావడం, దిగే చోట కాలు పెట్టడం ఫౌల్. కావాలని చేశారనిపిస్తే అంతకంటే పెద్ద శిక్షే ఉంటుంది. మన పిల్లలు ఆడేది ఎక్కువగా సిమెంటు కోర్టుల మీద. చీలమండ తిరిగినా, తల నేలకు తగిలినా ఆ పిల్లల సీజన్ అక్కడితో ముగిసిపోవచ్చు. ఇలాంటి ఫౌల్ దగ్గర విజిల్ కాస్త గట్టిగా మోగితే దయచేసి అర్థం చేసుకోండి.

రింగు కింద 1.25 మీటర్ల వ్యాసార్ధంతో గీసే అర్ధవృత్తం ఉంటుంది. దాని మీద కాలు ఉంచి నిలబడ్డ డిఫెండర్ మీదికి షూటర్ గాల్లోంచి వచ్చి పడినా, చేతులతోనో మోకాలితోనో అక్రమంగా నెట్టనంతవరకు అది ఛార్జింగ్ కాదు. ఆ గీత లేని కోర్టులు ఇంకా చాలానే ఉన్నాయి. గీత లేకపోతే ఆ తీర్పు రెఫరీ అంచనాకు వదిలేసినట్టే. ఒక డబ్బా రంగుతో తీరే సమస్య ఇది.

ఇక గట్టు మీద నుంచి ఎక్కువగా వినిపించే ఇంకో అరుపు "స్టెప్స్, స్టెప్స్!" ట్రావెలింగ్ నిబంధన 2017లో మారింది. పరుగులో ఉన్న ఆటగాడు బంతిని చేతుల్లోకి తీసుకునే క్షణంలో నేల మీద ఉన్న పాదం లెక్కలోకి రాదు. ఆ తర్వాత నేలను తాకే పాదం నుంచే ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. కుర్రాళ్లు దీన్నే జీరో స్టెప్ అంటున్నారు. పాత లెక్కతో చూసేవాళ్లకు ఇది మూడు అడుగుల్లా కనిపిస్తుంది. అరుపు అందుకే. డ్రిబుల్ ముగించి లేఅప్‌కు వెళ్లే పిల్లవాడిని చూస్తున్నప్పుడు బంతి ఎప్పుడు చేతుల్లో ఆగిందో ముందు చూడండి, పాదాలు తర్వాత. పాదాలతో మొదలుపెడితే లెక్క తప్పుతుంది.

నిజంగా మేము ఎక్కువసార్లు ఇచ్చే ట్రావెలింగ్ మాత్రం వేరే చోట జరుగుతుంది. నిలబడి బంతి అందుకున్న పిల్ల డ్రిబుల్ మొదలుపెట్టాలంటే ఇరుసు పాదం (పివట్) నేల వదలకముందే బంతి చేతిని వదలాలి. తొందరలో చాలామంది ముందు పాదం కదిపి తర్వాత బంతి కొడతారు. "ఒక్క అడుగు కూడా వేయలేదు సార్" అని ఆ పిల్ల నిజాయితీగా ఆశ్చర్యపోతుంది. ఎవరూ చెప్పలేదు కాబట్టే ఆ ఆశ్చర్యం. అదే పిల్ల షాట్ కొట్టడానికైతే ఇరుసు పాదం ఎత్తి ఎగరొచ్చు, నేలకు తిరిగి దిగేలోపు బంతి వదిలేస్తే చాలు. బంతి పట్టుకుని కింద పడి జారినా తప్పు కాదు. పట్టుకునే దొర్లితే, లేవబోతే తప్పు. ఈ సంగతులన్నీ ఒక సాయంత్రం కోర్టులో చేసి చూపిస్తే జన్మలో మర్చిపోరు.

పెద్దవాళ్లైన కోచ్‌లతో ఒక మాట గౌరవంగా చెబుతాను. మీరు ఆడిన రోజుల తర్వాత ఆట చాలా మారింది. 2000 వరకు 20 నిమిషాల చొప్పున రెండు భాగాలుండేవి, షాట్‌కు 30 సెకన్ల గడువుండేది. ఆ ఏడాది నుంచి 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, 24 సెకన్లు వచ్చాయి. బంతిని సగం కోర్టు దాటించే గడువు 10 సెకన్ల నుంచి 8కి తగ్గింది. 2010లో మూడు పాయింట్ల గీత 6.25 మీటర్ల నుంచి 6.75కు జరిగింది, రింగు ముందు సమలంబంలా ఉండే పెట్టె దీర్ఘచతురస్రమైంది. ఇప్పటికీ కొన్ని కోర్టుల్లో ఆ పాత పెట్టె గీతలే కనిపిస్తాయి. తర్వాత మరో మార్పు వచ్చింది. షాట్ రింగుకు తగిలి, ఆ రీబౌండ్ కొట్టిన జట్టుకే దొరికితే మళ్లీ 24 కాదు, 14 సెకన్లే. మీ అనుభవం విలువ ఏమాత్రం తగ్గలేదు. దానికి కొత్త పుస్తకం తోడు కావాలి, అంతే.

పిల్లల సంగతి దీనికి ఎదురు. వాళ్లకు ఆట అంటే ఎన్‌బీఏ. అక్కడ క్వార్టర్ 12 నిమిషాలు, ఆరో ఫౌల్‌కు గానీ బయటికి పంపరు, కోర్టులో ఉన్న ఆటగాడే టైమ్ అవుట్ అడగొచ్చు. మన ఆటలో ఐదో ఫౌల్‌తో బయటికి వెళ్లాలి. టైమ్ అవుట్ కోచ్ గానీ, మొదటి సహాయ కోచ్ గానీ టేబుల్ దగ్గర అడగాలి. ఆటగాడు కోర్టులో నిలబడి చేతులతో టైమ్ అవుట్ గుర్తు చూపిస్తే మేము ఆట ఆపలేం, అతనేమో మేము చూసీ చూడనట్టు ఉన్నామనుకుంటాడు. డిఫెన్స్ జట్టుకు మూడు సెకన్ల నిబంధన ఎన్‌బీఏలో ఉంది, ఇక్కడ లేదు. డిఫెన్స్‌లో ఉన్న పొడుగు కుర్రాడు రింగు కింద ఎంతసేపైనా ఉండొచ్చు. షాట్ కొట్టిన బంతి ఒకసారి రింగుకు తగిలాక, అది రింగు పైనే ఉన్నా మన ఆటలో తట్టేయొచ్చు. అక్కడ అది తప్పు. ఇద్దరు బంతిని గట్టిగా పట్టుకుంటే అక్కడ జంప్ బాల్, ఇక్కడ టేబుల్ మీద బాణం ఎటు చూపిస్తే బంతి ఆ జట్టుకు. టీవీ చూడటం మానమని చెప్పను, అంత మంచి ఆట చూసి నేర్చుకోకపోతే ఎలా? చూసేటప్పుడు ఈ తేడాలు పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఉండాలి.

"తగిలింది కదా సార్" అనే ఫిర్యాదు గురించి. పదిమంది 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న చోట పరుగెడుతుంటే తగలకుండా ఉండదు. తగిలిన ప్రతిసారీ విజిల్ ఊదితే ఆటే ఉండదు. తగలడం వల్ల ఎవరికైనా అన్యాయంగా లాభం కలిగిందా, ఎదుటివారికి నష్టం జరిగిందా అని చూడమని నిబంధనలే రెఫరీకి చెబుతాయి. రీబౌండ్ కోసం పొడుగు పిల్ల పొట్టి పిల్ల తల మీదుగా చేయి చాపి బంతి అందుకుంటే, మీద పడనంతవరకు అది ఫౌల్ కాదు. పొడుగ్గా ఉండటం నేరం కాదు. అదే పిల్ల ముందున్న పిల్లను వీపు మీద నెట్టి బంతి తీసుకుంటే ఫౌల్. ఇక్కడ మీ కోపానికి న్యాయమైన చోటు ఒకటుంది. ఒకే రకం తాకిడికి ఒక వైపు ఊది, ఇంకో వైపు వదిలేస్తే అది రెఫరీ లోపమే. కొలత ఏదైనా మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా, రెండు జట్లకూ ఒకటే ఉండాలి. ఆ మాట మీరు మమ్మల్ని అడగాలి, అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు ఇద్దరు రెఫరీల సంగతి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ పాఠశాల ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను తయారు చేశాడు. రాసుకున్నది 13 నిబంధనలే. ఆ 13లోనే ఇద్దరు అధికారులను పెట్టాడు. అంపైర్ మనుషులను చూడాలి, రెఫరీ బంతిని చూడాలి. ఆట పుట్టిన రోజే ఒక్క మనిషి రెండూ చూడలేడని ఆయనకు తెలుసు. ఆయన కూడా మీలాగే వ్యాయామ ఉపాధ్యాయుడు, అల్లరి చేసే కుర్రాళ్ల తరగతి అప్పజెబితే ఈ ఆట కనిపెట్టాడు. మన దక్షిణాదికి ఈ ఆటా, వ్యాయామ విద్యా వచ్చింది కూడా వైఎంసీఏ దారిలోనే. 1920లో హెచ్.సి. బక్ మద్రాసులో స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల నుంచి ఎన్ని తరాల గురువులు వచ్చారో మీకు చెప్పనక్కర్లేదు.

అయినా ఇవాళ ఎన్నో చిన్న పోటీల్లో ఒక్క రెఫరీతో ఆట నడిపించేస్తున్నారు. భోజనం, బస్సు ఛార్జీలు మిగులుతాయని. ఇద్దరున్నప్పుడు ఒకరు రింగు పక్కన అంత్యరేఖ దగ్గర ఉంటారు, ఇంకొకరు ఆట వెనకాల వస్తారు. బంతి రింగుకు దూరంగా ఉన్నప్పుడు వెనకున్న రెఫరీ దాన్ని చూస్తే, రింగు దగ్గరున్న రెఫరీ బంతి లేని పొడుగు ఆటగాళ్ల తోపులాట చూస్తాడు. "మీ ముందే కదా సార్ జరిగింది, చూడలేదా" అని మీరు అడిగినప్పుడు, ఆ క్షణంలో చూడాల్సిన చోటు వేరే కావచ్చు. ఒక్కరే ఉంటే ఆ వేరే చోటు ఎవరూ చూడరు. బంతి లేని చోట మోచేతి దెబ్బలు పడేది అప్పుడే. నిర్వాహకులకు మీరు చెప్పండి, ఇద్దరు రెఫరీలు లేకపోతే జట్టును పంపబోమని. మీ మాటకున్న బలం మా మాటకు లేదు.

టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లను మనం ఇంకా చిన్నచూపు చూస్తాం. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లను కూర్చోబెడతాం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్ గుర్తు చేసుకోండి. డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేయడంతో అమెరికా 50-49తో ముందుంది, మిగిలింది 3 సెకన్లు. టైమ్ అవుట్ అడిగామని సోవియట్ జట్టు వాదన. గడియారం సరిచేయడంలో గందరగోళం. అమెరికా కుర్రాళ్లు గెలిచామని సంబరాలు మొదలుపెట్టాక మళ్లీ అవే 3 సెకన్లు ఆడించారు. అలెగ్జాండర్ బెలోవ్ బాస్కెట్ వేశాడు, సోవియట్ 51-50తో గెలిచింది. అమెరికా ఆటగాళ్లు రజత పతకాలు తీసుకోలేదు. ఫౌల్ ఇవ్వాలా వద్దా అన్న దాని మీద కాదు ఆ గొడవంతా. టేబుల్, గడియారం, టైమ్ అవుట్. ఒలింపిక్ ఫైనల్‌కే ఆ గతి పట్టినప్పుడు, మొబైల్ ఫోన్ స్టాప్‌వాచ్‌తో నడిచే మన ఆటల్లో ఎంత జాగ్రత్త కావాలి? స్కోర్ షీట్ రాయడం వచ్చిన ఇద్దరు విద్యార్థులు ప్రతి జట్టులో ఉండాలి. ఏ క్వార్టర్‌లోనైనా జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే ఐదోదాని నుంచి రెండు ఫ్రీ త్రోలు. కానీ ఆ ఫౌల్ బంతి తన అధీనంలో ఉన్న జట్టు చేస్తే ఫ్రీ త్రోలు ఉండవు. ఈ ఒక్క లెక్క టేబుల్ దగ్గర తప్పితే మ్యాచ్ ఫలితమే మారిపోతుంది.

తప్పు జరిగిందని మీకు గట్టిగా అనిపిస్తే దానికీ దారి ఉంది. బంతి ఆగి, గడియారం ఆగి ఉన్నప్పుడు కెప్టెన్ వచ్చి మర్యాదగా వివరం అడగొచ్చు. ఇవ్వకూడని ఫ్రీ త్రో ఇచ్చినా, ఇవ్వాల్సింది ఇవ్వకపోయినా, పాయింట్లు తప్పుగా కలిపినా, తీసేసినా, ఒకరి బదులు ఇంకొకరు ఫ్రీ త్రో వేసినా, సమయానికి గుర్తిస్తే సరిదిద్దే వీలు నిబంధనల్లోనే ఉంది. ఆట అయ్యాక ఫలితం మీద అభ్యంతరం ఉంటే 15 నిమిషాల్లోపు చీఫ్ రెఫరీకి చెప్పి, స్కోర్ షీట్‌లో అందుకోసం ఉన్న గడిలో కెప్టెన్ సంతకం చేయాలి. ఈ గడి ఎందుకుందో తెలిసిన కెప్టెన్లు చాలా అరుదు. నా చొక్కా పట్టుకున్నవాళ్లు ఉన్నారు గానీ, ఆ గడి ఎక్కడుందని అడిగినవాళ్లు దాదాపు లేరు.

ఇప్పుడు ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మన జిల్లాల్లో కొత్తగా రెఫరీలవుతున్నవాళ్లు డిగ్రీ చదివే అబ్బాయిలు, అమ్మాయిలు. నిన్న మొన్నటి దాకా మీ దగ్గరే ఆడినవాళ్లు. ఒక పోటీలో పంతొమ్మిదేళ్ల అమ్మాయి అండర్-14 బాలుర మ్యాచ్ నడుపుతోంది. ఆమె ఇచ్చిన ఛార్జింగ్ నిర్ణయం సరైనదే, నేను రెండో వైపు నుంచి చూశాను. ఒక కోచ్ గారు లేచి, పిల్లలందరి ముందు, "ఆడపిల్లకు ఆట ఏం తెలుస్తుంది" అన్నారు. ఆమె ఏమీ అనకుండా టెక్నికల్ ఫౌల్ ఇచ్చి ఆట కొనసాగించింది. ఆ తర్వాత సీజన్‌లో ఆమె రాలేదు. ఆ రోజు ఆ మాట విన్న పద్నాలుగేళ్ల పిల్లలు ఏం నేర్చుకున్నారో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. రెఫరీలు చాలరని అందరం అంటాం. ఉన్నవాళ్లను ఇలా పంపించేస్తే ఎక్కడి నుంచి వస్తారు?

అందుకే విజిల్ పిల్లల చేతికివ్వమంటున్నాను. వారంలో ఒక ప్రాక్టీసు ఆట చాలు. ఇద్దరు ఆడటం ఆపి రెఫరీలుగా నిలబడతారు, ఇద్దరు టేబుల్ దగ్గర కూర్చుంటారు, వారం వారం మారుతుంటారు. ఫౌల్ ఇస్తే పిడికిలి పైకెత్తాలి, ట్రావెలింగ్‌కో రెండోసారి డ్రిబుల్‌కో అయితే అరచెయ్యి తెరిచి ఎత్తాలి. తర్వాత టేబుల్ వైపు తిరిగి ఎవరిది, ఏ నంబరు, ఏ తప్పు అనేది చేతులతో చూపించాలి. మీరు గట్టు మీద కూర్చుని ఒకే ప్రశ్న వేయండి: "ఎందుకు ఇచ్చావు?" "తగిలింది సార్" అంటే సరిపోదు. ఎవరు ముందు ఆ చోటికి వచ్చారు, ఎవరు ఎవరి జాగాలోకి వెళ్లారు, దాని వల్ల ఎవరికి నష్టం కలిగింది, ఆ పిల్ల నోటితో చెప్పాలి. మొదట్లో తడబడతారు, స్నేహితులు గోల చేస్తారు. నెల తిరిగేసరికి వాళ్ల డిఫెన్స్ మారుతుంది. నేను చూసిన జట్లలో అది జరిగింది. విజిల్ పట్టుకుని డిఫెండర్ పాదాలను గమనించిన కుర్రాడు, తను డిఫెన్స్ ఆడేటప్పుడు పాదాలు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటాడు.

ఇందుకు ఖర్చేమీ లేదు. ఫిబా పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అంతా చదవమని పిల్లలకు ఇవ్వక్కర్లేదు. నేను పైన చెప్పిన సంగతులు మీ మాటల్లో, తెలుగులో, ఒక చార్టు మీద రాసి స్పోర్ట్స్ రూమ్ గోడకు అంటించండి. తల్లిదండ్రులు ఆట చూడటానికి వచ్చే రోజు ఆ చార్టు గట్టు దగ్గర కట్టండి. సందేహం వస్తే మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న రెఫరీని పిలవండి. మాలో చాలామంది ఆదివారం సాయంత్రం ఒక ఫోన్ కాల్‌తో వచ్చేస్తాం. బస్సు ఛార్జీ కూడా అడగం.

ఇంకొక్క మనవి. నిబంధనల ప్రకారం మా అధికారం ఆట మొదలవడానికి 20 నిమిషాల ముందే మొదలవుతుంది. ఆ సమయంలో మేము కోర్టు పక్కనే నిలబడి రెండు జట్ల వార్మప్ చూస్తుంటాం. వచ్చే పోటీల్లో అప్పుడు మీ కెప్టెన్‌నూ, మీ జట్టులో రెఫరీ కావాలని ఆశపడే ఒక పిల్లనో పిల్లవాడినో మా దగ్గరికి పంపండి. కోర్టులో ఏ గీత పాతది, ఏది లేదు, టేబుల్ దగ్గర ఎవరున్నారు, బాణం ఎక్కడ పెడతారు, టైమ్ అవుట్ ఎవరిని అడగాలి, ఇవన్నీ కలిసి చూసుకుందాం. అడగాలనుకున్న ప్రశ్నలన్నీ అప్పుడే అడగమనండి.

ఇట్లు,
మీ జిల్లా పోటీల్లో విజిల్ ఊదే ఒక రెఫరీ